పశుదర్శినికి పదకొండుమంది

పశుదర్శిని బాగా పనిచేస్తోందన్న సంగతి పై అధికారులకు తెలిసిన రోజునే దానికి చెడ్డరోజులు మొదలయ్యాయి. అంతకుముందు మూడేళ్లపాటు దాని జోలికి ఎవరూ పోలేదు. జిల్లా ఆఫీసులో టీకామందుల ఫ్రిజ్ పక్కన ఒక బల్ల, బల్ల మీద ఒక కంప్యూటరు, కంప్యూటరు ముందు లెంక తవిటినాయుడు. దర్శిని అంటే అంతే.

జిల్లాలో ఉన్న ప్రతి ఆవుకీ, గేదెకీ చెవికి పసుపుపచ్చ బిళ్ల కొట్టారు. బిళ్ల మీద పన్నెండు అంకెలు. ఏ బిళ్ల ఎవరి పశువుదో ఒక గొలుసు పుస్తకంలో ఎక్కించారు. బ్లాక్‌చెయిన్ అంటారే, అదన్నమాట. అందులో ఒకసారి ఎక్కించిన దాన్ని చెరపడం బ్రహ్మతరం కూడా కాదు. కొత్తది చేర్చుకుంటూ పోవడమే. సరే, పుస్తకం ఉంటే చాలదు కదా, అందులో ఏముందో చూడటానికి ఒక కిటికీ కావాలి. ఇంగ్లీషువాళ్లు ఎక్స్‌ప్లోరర్ అన్నారు, మనవాళ్లు పశుదర్శిని అన్నారు. పన్నెండు అంకెలు కొడితే చాలు, యజమాని పేరు, ఊరు, పశువు ఆనవాళ్లు తెర మీదికి వచ్చేవి. రైతులు వచ్చేవారు, కాగితం పట్టుకుని పోయేవారు. ఐదు క్షణాల పని.

తవిటినాయుడు ఔట్‌సోర్సింగ్ మనిషి. అంటే పని ఆఫీసుది, మనిషి ఎవరివాడో తెలీదు. అతనికి ఉన్న కోరిక ఒక్కటే. యు.పి.ఎస్. బ్యాటరీ చచ్చిపోయింది, కరెంటు పోయినప్పుడల్లా దర్శిని కూడా పోతోంది, కొత్త బ్యాటరీ కావాలి. ఉత్తి బ్యాటరీ అని రాస్తే కాగితం బల్ల దాటదని సీనియర్ అసిస్టెంటు సలహా చెప్పాడు. అందుకని "ప్రస్తుత బ్యాటరీ పనికిరానిదైనందున, పశుదర్శిని నిర్వహణ, మెరుగుదల నిమిత్తం కొత్త బ్యాటరీ ఒకటి మంజూరు చేయ ప్రార్థన" అని రాశాడు.

ఆ కాగితం ఎనిమిది నెలలు ఊరేగింది. ప్రతి బల్ల దగ్గరా ఒక మాట చేరింది, ఒక మాట రాలింది. చివరికి తిరిగొచ్చిన ఉత్తర్వులో పశుదర్శిని నిర్వహణకూ మెరుగుదలకూ ప్రత్యేక అంకిత బృందం మంజూరైంది. పదకొండు పోస్టులు, మూడేళ్లకు నిధులు. అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం కూడా ఉంది: "బ్యాటరీ మానవ వనరు కానందున సదరు కోరిక పరిశీలించబడలేదు."

జాయింట్ డైరెక్టర్ డాక్టర్ సదాశివమూర్తి గారు సమావేశం పెట్టారు. శాలువా కప్పించుకుని మరీ మాట్లాడారు.

"ప్రపంచం గొలుసు యుగంలోకి అడుగిడుతున్న ఈ శుభతరుణంలో, మన జిల్లా ఆ గొలుసులో ఒక లింకుగా మిగిలిపోరాదు. ఆ గొలుసుకే కొక్కెంగా నిలవాలి! ఒక్క మనిషి చేసే పనిని పదకొండుమంది చేయగలరని లోకానికి చాటుదాం!"

అందరూ చప్పట్లు కొట్టారు. తవిటినాయుడు కూడా కొట్టాడు. తనకూ అందులో ఒక పోస్టు తప్పకుండా దొరుకుతుందని పాపం అతని ఆశ.

దొరకలేదు. పశుగ్రాసం సెక్షను నుంచి ముగ్గుర్ని, కోళ్ల సెక్షను నుంచి నలుగుర్ని, ఖాళీగా ఉన్నచోటి నుంచల్లా మిగతావాళ్లని తెచ్చి బృందం నింపేశారు. దానికి అధిపతిగా సూపరింటెండెంటు భుజంగరావు గారు వచ్చారు. ఆయన ఇరవై ఎనిమిదేళ్లు తపాళ్ల సెక్షనులో కాగితాలు అందుకున్న చెయ్యి. కంప్యూటరు మీద దుమ్ము తుడవడం తప్ప దానితో ఆయనకు వేరే పరిచయం లేదు.

"మరి నేను సార్?" అన్నాడు తవిటినాయుడు.

"నువ్వు ఉన్నావుగా," అన్నారు భుజంగరావు గారు. "ఉత్తర్వులో స్పష్టంగా ఉంది. బృందం కొత్తది, పాతవి పాతవిగానే కొనసాగాలి." అని సామగ్రి రిజిస్టరు తెరిచి చూపించారు. అందులో పందొమ్మిదో పద్దు: యు.పి.ఎస్., కుర్చీ, ఆపరేటరు, సెట్టు ఒకటి.

తవిటినాయుడు ఆ పద్దు రెండుసార్లు చదువుకున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంట్లో పెళ్లాం అడిగితే మాత్రం "పర్మనెంటు రిజిస్టర్లో పేరెక్కిందే" అన్నాడు.

మొదటిరోజు భుజంగరావు గారు తెర ముందు కూర్చుని చాలాసేపు చూశారు. ఒక రైతు వచ్చాడు, అంకెలు చెప్పాడు, కాగితం పట్టుకుని పోయాడు.

"ఏమయ్యా, అతను చూశాడు కదా?"

"చూశాడు సార్."

"చూసినట్టు సంతకమేదీ?"

ఆ ఆఫీసు పద్ధతి తవిటినాయుడికి తెలియనిది కాదు. అక్కడికొచ్చిన ప్రతి కాగితం మీదా చూసిన ప్రతివాడూ మార్జిన్లో "చూసితిని" అని రాసి పొట్టి సంతకం గీకాలి. చదవనక్కర్లేదు, అర్థం కానక్కర్లేదు, చూస్తే చాలు. అగ్నిప్రమాదం జరిగిందన్న కాగితం మీద కూడా ఐదుగురు చూసితిని రాసి, ఆ తర్వాతే బయటికి పరిగెత్తిన ఘనత ఆ ఆఫీసుది.

"ఇన్నివేలమంది చూశారు, ఒక్కడూ చూసితిని రాయలేదు! రేపు ఆడిట్‌కి ఏం చెబుతాం?" భుజంగరావు గారికి చెమట పట్టింది. "ఇదే మన మొదటి మెరుగుదల. ఎవరు చూసినా చూసితిని అని ఆ గొలుసులోనే ఎక్కాలి. ఎవడూ చెరపలేనట్టు!"

"సార్, అలా ఎక్కితే అదీ ఒక రికార్డే అవుతుంది. మరి దాన్నెవరు చూడాలి?"

ఆయన చిరునవ్వు నవ్వారు. "అందుకే కదయ్యా పదకొండుమందిని ఇచ్చింది! ఒకరు చూస్తే, చూసినట్టు మిగతా పదిమందీ చూడాలి."

"ఆ పదిమంది చూసింది?"

"అది మర్నాటి పని," అన్నారు ఆయన.

ఇంకేముంది! ఎలా చెబితే అలా చేశాడు తవిటినాయుడు. మర్నాటి నుంచి ఆఫీసు కళకళలాడిపోయింది. పదింటికి వచ్చినవాళ్లు వచ్చినట్టే తెరల ముందు కూర్చుని, ఒకరు చూసింది ఇంకొకరు చూసి, వాళ్లు చూసింది వీళ్లు చూసి, భోజనాలకి లేచి, మళ్లీ వచ్చి చూసేవాళ్లు. ఏ పశువు ఎవరిదన్నది ఎవరికీ అక్కర్లేదు. రెండో మెరుగుదలగా వెతుకులాట గడి తీసేయించారు. అంకెలు కొట్టి నేరుగా పశువు దగ్గరికి పోవడమంటే మధ్యలో ఉన్న అధికారుల చూసితినిలను దాటిపోవడమే, అది అమర్యాద అని బృందం తీర్మానించింది. ఇక మీదట సరికొత్త చూసితిని నుంచి మొదలుపెట్టి పేజీ తర్వాత పేజీ కిందికి రావలసిందే.

సదాశివమూర్తి గారి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. మూడేళ్లలో ముప్పైవేలు దాటని రికార్డులు నాలుగునెలల్లో నాలుగు లక్షలు దాటాయి. రాష్ట్రంలోనే చురుకైన గొలుసు అని జ్ఞాపిక ఇచ్చారు. ఆయన దాన్ని ఫ్రిజ్ మీద పెట్టించారు.

అదిగో, అలాంటి ఒక మంగళవారం నాడు జమ్మివలస నుంచి ఇజ్జాడ అసిరితల్లి వచ్చింది. యాభై దాటిన మనిషి, కాళ్లనిండా దుమ్ము. ఆమె గేదెకి బిళ్ల కొట్టినప్పుడు రికార్డు ఎక్కించింది తవిటినాయుడే.

"బాబూ, నా సుక్కమ్మని బందెలదొడ్డిలో ఎట్టీసినారు," అంది వస్తూనే. "కట్టు తెంపుకుని పక్కూరి మొక్కజొన్నలో పడ్డాది. నిండు సూడిది బాబూ, ఇయ్యాలో రేపో ఈనీసేలా ఉంది. ఆ సంత బేరగాడు గంగులున్నాడు సూడు, ఆడొచ్చి అది నాను కొన్న గేదేనంటన్నాడు. సుక్కురోరంలోగా కాయితం తేకపోతే ఏలమేసేత్తారట. ఏలమేస్తే ఆడే పాడుకుంటాడు."

"నీదేనని చెప్పలేదా పిన్నీ?"

"సెప్పకేం! పిలిసి మరీ సూపించినాను. సుక్కమ్మా అంటే తాడు తెంపుకునొచ్చేలా అరిసింది. ఆ కాపలావోడేమో గేదె పలికితే సాచ్చికమా, రికార్డేదీ అన్నాడు. నా ఇంటికి అదే దిక్కు బాబూ. దాని పాలు పోస్తేనే నా మనవరాలు బడికెల్తాది."

పంచాయతీ గుమాస్తా చేత రాయించిన పన్నెండంకెల చీటీ కొంగు ముడి విప్పి ఇచ్చింది. తవిటినాయుడు తెర వైపు తిరిగాడు. మొదటి పేజీలో పది చూసితినిలు. రెండో పేజీలో పది. మూడో పేజీలో పది. సుక్కమ్మ ఎక్కడుందో లెక్క కట్టి చూస్తే నలభైవేల పేజీల అడుగున ఉంది.

సంగతి బృందం ముందుకు పోయింది. భుజంగరావు గారు వెంటనే రంగంలోకి దిగారు. "అంకిత బృందం అంటే ఏమిటో ఇప్పుడు తెలుస్తుంది. పదకొండుమందీ పేజీలు తిప్పండి!" అని ఆజ్ఞ వేశారు. బుధవారం ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒళ్లు వంచి తిప్పారు. ఆ రోజు వాళ్లు పడ్డ కష్టాన్ని తక్కువ చేసి చెప్పకూడదు. కాని ఒక పేజీ తిప్పితే, తిప్పినవాడిదొకటీ, ఆ చూపును చూసిన పదిమందివీ కలిపి పదకొండు చూసితినిలు పైన చేరతాయి. పేజీకి పట్టేవి పది. నాలుగువేల పేజీలు తిప్పేసరికి సుక్కమ్మ ఇంకో నాలుగువందల పేజీలు లోతుకి దిగిపోయింది.

"సార్, మనం చూడటం ఆపితే తప్ప అది పైకి రాదు," అన్నాడు తవిటినాయుడు.

"చూడటం ఆపితే మమ్మల్నెందుకు ఉంచుతారయ్యా?" అన్నారు భుజంగరావు గారు. అందులో అబద్ధమేమీ లేదు.

అసిరితల్లి ఊరుకోలేదు. సరాసరి జాయింట్ డైరెక్టరు గారి గది తలుపు తోసుకుని లోపలికి పోయింది. ఆయన సౌమ్యులు, కసురుకోలేదు.

"అమ్మా! మీ గేదె ఎక్కడికీ పోలేదు. మా గొలుసులో అత్యంత భద్రంగా ఉంది. దాన్ని చెరపడం గాని, మార్చడం గాని, తరలించడం గాని ఏ శక్తికీ సాధ్యం కాదు. మీరు నిశ్చింతగా ఇంటికి వెళ్లవచ్చు."

"గొలుసులో గేదెకి పాలు పితగ్గలనా బాబూ?" అంది అసిరితల్లి. "నాకు దొడ్లో గేదె కావాల."

ఆయన ఆ మాటను అభిప్రాయాల రిజిస్టరులో రాయించి, చూసితిని అని సంతకం పెట్టారు.

గురువారం మధ్యాహ్నానికి అసిరితల్లి ఆఫీసు మెట్ల మీద కూలబడిపోయింది. ఏడుపు లేదు, తిట్టు లేదు, ఉత్తినే రోడ్డు వంక చూస్తోంది. తవిటినాయుడు ఆమెకు గ్లాసుతో మంచినీళ్లు అందించి బల్ల దగ్గరికి తిరిగొచ్చాడు. అప్పుడు తట్టింది అతనికి. ఈ గొలుసులో పాతది పైకి తేవడం ఎవరివల్లా కాదు. కాని కొత్తది చేరితే అది పైనే ఉంటుంది కదా!

మూడో మెరుగుదల పుణ్యమా అని రోజూ మూడున్నరకి అన్ని సెక్షన్ల తపాళ్లూ కట్టగా కట్టి గొలుసులోకి ఎక్కించడం అతని పనే. ఎక్కించిన వెంటనే పదకొండు తెరల మీదా గంట మోగుతుంది, పదకొండుమందీ మీట నొక్కుతారు. ఆ రోజు కట్టలో అరవైమూడు కాగితాలున్నాయి. అరవైనాలుగోది అతను అసిరితల్లిని ఆనవాళ్లు అడిగి టైపు చేశాడు: చీటీలోని పన్నెండంకెలు, గేదె, నుదుట తెల్లచుక్క, ఎడమ కొమ్ము వంకర, యజమాని ఇజ్జాడ అసిరితల్లి, జమ్మివలస. రాసిందంతా నిజమే. చేసిన పద్ధతే దొంగది. పైగా కరెంటు పోతుందేమోనన్న భయం ఒకటి. మిగతా అరవైమూడూ ఏమిటో కన్నెత్తి చూడకుండా కట్ట కట్టేసి ఎక్కించేశాడు.

గంట మోగింది. ఒకాయన పల్లీలు తింటూ నొక్కాడు. ఒకావిడ ఫోనులో కూతురితో మాట్లాడుతూ నొక్కింది. భుజంగరావు గారు కళ్లజోడు తుడుచుకుంటూ నొక్కారు. నాలుగు నిమిషాల్లో పదకొండు చూసితినిలు పడ్డాయి. సుక్కమ్మ రెండో పేజీలోకి వచ్చి నిలబడింది.

ఆ పదకొండు చూసితినిలతో సహా కాగితం అచ్చయి చేతికి రావడమూ, కరెంటు పోవడమూ ఒక్కసారే జరిగాయి.

శుక్రవారం పొద్దున్నే అసిరితల్లితో తనూ బందెలదొడ్డికి వెళ్లాడు. కాపలావాడు కాగితాన్ని తిరగేసి, బోర్లేసి, సంతకాలు లెక్కపెట్టాడు.

"ఓలమ్మా, పదకొండుమంది ఆఫీసర్లు సూసినారా! మా పెసిడెంటు ఎలక్చనుకి కూడా ఇంతమంది రానేదు."

గంగులు కాగితం వంక ఓరగా చూశాడు. "ఒక్క సంతకవైతే తేల్చుకుందును. పదకొండుమంది సూసినాక నానేటి సెప్పగల్ను," అని తువ్వాలు దులుపుకుని పోయాడు.

తలుపు తీశారు. అసిరితల్లి లోపలికి కూడా పోలేదు. గుమ్మం దగ్గరే నిలబడి "రాయే సుక్కమ్మా, ఇంటికెల్దాం," అంది. గేదె బరువుగా కదిలి, ఎవరి వంకా చూడకుండా ఆమె వెనకాలే నడిచింది. తవిటినాయుడికి కళ్లు చెమర్చాయి. మూడేళ్లు పైబడిన ఉద్యోగంలో అతను ఒక గేదెను దగ్గర్నుంచి చూడటం అదే మొదలు.

సోమవారం భుజంగరావు గారు కబురు పెట్టారు. బల్ల మీద ఒక కాగితం ఉంది.

"గురువారం కట్టలో ముప్పై ఎనిమిదోది," అన్నారు. "పనికిరాని సామగ్రి వేలం జాబితా. విరిగిన కుర్చీలు రెండు, ఫ్యాను ఒకటి, తర్వాత మన పందొమ్మిదో పద్దు."

తవిటినాయుడు వంగి చదివాడు. యు.పి.ఎస్., కుర్చీ, ఆపరేటరు, సెట్టు ఒకటి. పనికిరానిది.

"సార్! పనికిరానిది బ్యాటరీ!"

"నీ ఉత్తరంలో నువ్వే రాశావు కదయ్యా పనికిరానిదని. దాని ఆధారంగానే పద్దు తీశారు. సెట్టు విడదీయరాదు, అది నియమం."

"తప్పు జరిగింది సార్, దిద్దండి."

"గొలుసులో ఎక్కిపోయింది. పదకొండుమందిమీ చూశాం కూడాను."

"చదివారా సార్?"

భుజంగరావు గారు నిజంగానే నొచ్చుకున్నారు. "చదవడం మా పరిధిలో లేదు నాయుడూ. నిధులు చూడటానికే మంజూరయ్యాయి."

ఒక్కమాట అంటే చాలు. ఆ కట్టలో ఏ సెక్షనూ పంపకుండా ఎక్కినవి ఉన్నాయి, కావాలంటే అరవైనాలుగోది తీసి చూడండి, కట్టంతా చెల్లదని రాయండి అంటే చాలు, అతని ఉద్యోగం నిలబడుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కట్ట చెల్లకపోతే అసిరితల్లి కాగితమూ చెల్లదు. గంగులు తువ్వాలు దులుపుకుంటూ మళ్లీ వస్తాడు. తవిటినాయుడు నోరు మూసుకున్నాడు. ఎక్కించింది తన చేత్తోనే, చదవకుండా ఎక్కించిందీ తనే. ఇంకొకర్ని ఏమంటాడు!

వేలం ఆ వచ్చే బుధవారం, ఆఫీసు ఆవరణలో. విరిగిన కుర్చీలు ఒక పక్క, ఫ్యాను ఒక పక్క. మధ్యలో యు.పి.ఎస్., దాని వెనక కుర్చీ, కుర్చీలో తవిటినాయుడు. సెట్టు విడదీయరాదు కాబట్టి లేచి నీడలోకి పోవడానికి వీల్లేదన్నారు. బృందమంతా వరసగా నిలబడి చూస్తోంది. పాత ఇనుము కొనేవాడు యు.పి.ఎస్.ని కాలితో కదిపి, తవిటినాయుడి వంక అనుమానంగా చూశాడు.

"ఇనుమైతే తూకానికి తీసుకుంటాను బాబూ. ఈయన్నేటి సేసుకోను?"

"విడిగా అమ్మం," అన్నారు భుజంగరావు గారు.

అప్పుడు గేటు దగ్గర నుంచి అసిరితల్లి వచ్చింది. చేతిలో మూతపెట్టిన సత్తుగిన్నె. సుక్కమ్మ ఈనింది, పెయ్యదూడ. జున్ను వండి తెచ్చింది. కుర్చీలో కూర్చున్న మనిషిని చూసి ఆగిపోయింది.

"ఏటి బాబూ, ఎండలో కూకున్నావు?"

"వేలం పిన్నీ," అన్నాడు తవిటినాయుడు తల ఎత్తకుండా. "నన్నే."

అసిరితల్లి యు.పి.ఎస్.నీ, ఫ్యానునీ, వరసగా నిలబడ్డ పదకొండుమందినీ చూసింది. అప్పుడు ఆమెకి కోపం వచ్చింది.

"మీ సూపులు తగలెయ్య! మనిసిని ఏలమేత్తారా? ఈడు మావోడు. నాను తీసుకుపోతన్నాను."

"అలా కుదరదమ్మా," అన్నారు భుజంగరావు గారు మర్యాదగానే. "నీవాడే అనడానికి రికార్డేదీ?"

"రికార్డేటి బాబూ," అంది అసిరితల్లి. గిన్నె నడుముకి ఆనించుకుని వెనక్కి తిరిగింది. "రా నాయుడూ, ఇంటికెల్దాం. జున్ను సల్లారిపోతాది."

తవిటినాయుడు లేచాడు. ఎవరి వంకా చూడకుండా ఆమె వెనకాలే నడిచి గేటు దాటాడు.

భుజంగరావు గారు ఖాళీ కుర్చీ వంక కాసేపు చూశారు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, జాబితాలో ఆపరేటరు అన్న మాట ఎదురుగా చూసితిని అని రాసి, మిగతా పదిమందికీ పంపించారు.